క్రిస్మస్ నాటి చన్నీళ్లు

మనవరాలు ఫోను నా ముందు నిలబెట్టి "మాట్లాడు అమ్మమ్మా" అంది. వాళ్ళ బడిలో పండుగల మీద ఏదో కార్యక్రమం చేయిస్తున్నారట. ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నప్పుడు క్రిస్మస్, రంజాన్, సంక్రాంతి ఎలా చేసుకునేవారో వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసుకుని రమ్మన్నారట. "అన్ని మతాలవాళ్ళు ఎట్లా కలిసి ఉండేవాళ్ళో చెప్పాలి. టీచర్ అదే అడిగింది" అని మళ్ళీ గుర్తు చేసింది.

చెప్పాను. మా అమ్మ ఇసుకలో కాల్చే కేకు, ఖాలా చేసే షీర్ ఖుర్మా, కాకూ పంచే నువ్వులుండలు, పటేలమ్మ సకినాలు, అన్నీ నోరూరేలా చెప్పాను. పండుగ ఎవరిదైనా పళ్లేలు ఇంటింటికీ తిరిగేవని, మా ఇంటి పళ్లేలు మోసేది నేనేనని చెప్పాను. "అప్పుడు ఎంత బాగుండేదో!" అని ఫోను తీసుకుని ఎగురుకుంటూ పోయింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చెప్పనిది ఉంది. అది చిన్నపిల్ల బడికి పట్టుకుపోయేది కాదు.

అప్పట్లో మేం గోదావరికి దగ్గర్లో, బొగ్గు గనుల పక్కన కంపెనీ కట్టించిన క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా దగ్గర గనిని బాయి అంటారు, అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటారు. బాపు బాయిలో బొగ్గు తవ్వి టబ్బులకు ఎత్తేవాడు. మా లైనులో ఎక్కడెక్కడివాళ్ళో ఉండేవారు. మా ఎదురింటి ఖాలా వాళ్ళది కరీంనగర్. పక్కింటి కాకూ మరాఠీ ఆమె, ఆదిలాబాద్ అవతలి నుంచి వచ్చింది. లైను చివరి ఇల్లు పటేలమ్మది. సుల్తానాబాద్ దగ్గర పొలాలున్న ఇంటి మనిషి. ఆమె కొడుకు బాయిలో సర్దార్. లోపల ఏ కూలీ ఏ చోట పని చేయాలో చెప్పేది సర్దారే. పొడిగా, గాలి తగిలే చోటికి పంపేదీ ఆయనే, మోకాళ్ళ లోతు నీళ్ళున్న చోటికి పంపేదీ ఆయనే. అందుకని లైనులో పటేలమ్మ మాటకు ఎదురు ఉండేది కాదు.

చలికాలం వచ్చిందంటే ఇంటింటి ముందూ సిగిడీలు, అంటే బొగ్గు కుంపట్లు రాజేసేవాళ్ళం. బొగ్గు కంపెనీదే కాబట్టి కొదవ లేదు. పొద్దున్నే ఆ పొగ మంచుతో కలిసి లైను మీద పడుకునేది. ఎదురింటి గుమ్మం కనపడేది కాదు గానీ ఖాలా దగ్గు వినపడేది. తలకు పూసుకున్న నూనె, ఆరేసిన బట్టలు, తినే అన్నం, అన్నీ ఆ పొగ వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు మండుతుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

ఆ ఏడు రంజాన్ నెల చలికాలంలో వచ్చింది. ఖాలా వాళ్ళ ఉపవాసాల మధ్యలో మా క్రిస్మస్, వాళ్ళ పండుగ అయిన కొద్ది రోజులకే సంక్రాంతి. లైను మొత్తం ఏదో ఒక పొయ్యి మీద ఏదో ఒకటి కాగుతూనే ఉండేది. సంక్రాంతికి కాకూ ప్రతి ఇంటికీ తిరిగి నువ్వులుండ చేతిలో పెట్టి, ఏడాదంతా తియ్యగా మాట్లాడమని దీవించేది. ఆమె నోటికి మాత్రం లైనంతా భయపడేది.

మా ముత్తాత ధర్మపురి పక్క ఊళ్ళో ఉండగా బాప్తిస్మం తీసుకున్నాడు. దేవుడు మారినా, ఊళ్ళో మా ఇల్లు ఏ చివర ఉండేదో లైనులో అందరికీ తెలుసు. అది నాకు మాత్రం తెలియదు. సకినాలు చుట్టడానికి ఆడవాళ్ళందరూ పటేలమ్మ ఇంట్లో కూర్చుంటే, మా అవ్వ గుమ్మం బయట కూర్చుని ముచ్చట్లు చెప్పేది. లోపలి నూనె పొగ ఆమెకు పడదేమో అనుకునేదాన్ని. అందరికీ పళ్లెంలో పెట్టి పంపే పటేలమ్మ, మాకు మాత్రం సకినాలు కాగితంలో చుట్టి ఇచ్చేది. మేం దగ్గరివాళ్ళం కదా, మర్యాదలెందుకనుకుందేమో అనుకునేదాన్ని. నేను పళ్లెం పట్టుకుపోతే, "గీ గోడ మీద పెట్టు బిడ్డా" అనేది. పాత పేపరు పరిచి, "గిండ్ల ఒంపు. మీ అవ్వ చేతుల ఏమున్నదో గని, వాసనకే కడుపు నిండుతది" అనేది. ఎంత మంచిగా మాట్లాడేదో! పొంగిపోయి ఇంటికి పరుగెత్తేదాన్ని.

అంతకు ముందు ఎండాకాలంలోనే సర్దార్‌కు పెళ్ళయింది. పెళ్ళికూతురు బోథ్ దగ్గర పల్లె నుంచి వచ్చింది. నేను ఆమెను చిన్నమ్మ అనేదాన్ని. నాకంటే ఎంతో పెద్దదేం కాదు. మాటల మధ్య మరాఠీ ముక్కలు దొర్లేవి. కాకూ ఆమెను పిలిచి తన భాషలో మాట్లాడించి మురిసిపోయేది.

మా ఇళ్ళ వెనక సన్నటి గల్లీ ఉండేది. పటేలమ్మ అక్కడే బర్రెను కట్టేసేది. చిన్నమ్మ కుడితి పోయడానికి వచ్చినప్పుడల్లా గోడ మీది నుంచి నన్ను పిలిచేది.

"ఏం వండిన్రే పోరీ మీ ఇంట్ల?"

"ఎండుచేపల పులుసు."

"ఓ ముక్క తేరాదే."

అప్పటికి ఆమె కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని పటేలమ్మ పొద్దున గరిటెడు, సాయంత్రం గరిటెడు అన్నం కొలిచి పెట్టేది. "నా పెయ్యిల ఇద్దరం ఉన్నం, పెట్టేది ఒక్కదానికి గూడ సాలదు" అని తన ఒళ్ళు చూపించి చిన్నమ్మ నవ్వేది. ఆకలిని కూడా అలా నవ్వుతూ చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అలా నేను దొంగనయ్యాను. సాయంత్రం ఖాలా వాళ్ళు ఉపవాసం విడిచే వేళకు వాళ్ళింట్లో వాలిపోయి, ఖర్జూరాలు, శనగలు పరికిణీ ఒడిలో వేసుకునేదాన్ని. కాకూ ఎండలో పెట్టిన పల్లీల్లోంచి పిడికెడు తీసేదాన్ని. మా వంటింట్లోంచి రొట్టె. అవన్నీ గోడ మీది నుంచి చిన్నమ్మకు చేరేవి. ఆమె తింటూ తన ఊరి కథలు చెప్పేది. పుష్యమాసంలో గోండులు నాగోబా జాతరకు బండ్లు కట్టుకుని వాళ్ళ ఊరి మీదుగా పోయేవారట. చలికి ఎడ్ల ముక్కుల్లోంచి పొగలు వచ్చేవట. రాత్రి ఆగిన చోట మంట వేసుకుని జొన్న గట్క వండుకుని, చూడటానికి పోయిన పిల్లలకు కూడా ఇంత పెట్టేవారట.

"ఎవలు, ఏందని అడగకపోదురు. ఆకు సాపితే పెడ్తుండె" అనేది.

క్రిస్మస్ ముందు రోజుల్లో బాపు వెదురు బద్దలు చీరి నక్షత్రం కట్టేవాడు. ఎర్ర కాగితం అంటించి లోపల బల్బు పెడితే లైనంతా మా ఇంటి వైపే చూసేది. అవ్వకు కేకు చేయడం మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన తన చెల్లెలు నేర్పింది. పెద్ద గంజులో ఇసుక పోసి, సిగిడి మీద వేడెక్కించి, ఆ ఇసుకలో చిన్న గిన్నె కూర్చోబెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేది. గుడ్లు, చక్కెర, నెయ్యి కలిసి కాలుతున్న ఆ వాసనకు బాయికి పోయేవాళ్ళు కూడా మా గుమ్మం ముందు నడక నెమ్మది చేసేవారు. కజ్జికాయల్లాంటి గరిజెలు, గులాబీ పూలు కూడా చేసేది. గులాబీ పూలంటే అచ్చును పిండిలో ముంచి నూనెలో వదిలితే పువ్వుల్లా విచ్చుకునేవి.

ఆ క్రిస్మస్ రోజు బాయికి సెలవు లేదు. బాపు పొద్దటి షిఫ్టుకు పోయాడు. అవ్వ, నేను ప్రార్థనకు వెళ్ళివచ్చాం. అవ్వ కొత్త చీర మార్చకుండానే పళ్లేలు సర్దింది. నేను ఖాలా ఇంట్లో ఇచ్చాను, కాకూ ఇంట్లో ఇచ్చాను. చివరగా పటేలమ్మ గోడ మీది పేపర్లో ఒంపాను. "చల్లగుండు బిడ్డా" అంది.

చిన్నమ్మ కేకు తిని ఏమంటుందో వినాలని నాకు ఆత్రం. ఇంటికి పోకుండా చుట్టు తిరిగి గల్లీలోకి పోయాను.

బర్రె తల ఊపుతూ గోలెంలో మూతి పెట్టి ఉంది. కుడితి మీద మా గరిజెలు తేలుతున్నాయి. గులాబీ పూలు మెత్తబడి విడిపోతున్నాయి. చిన్నమ్మ గోలెం పక్కన పేపరు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నోటి నిండా కేకు. నన్ను చూసి ఉలిక్కిపడి, చేత్తో నోరు మూసుకుంది.

"ఎందుకు పారేస్తున్నవ్ చిన్నమ్మా?" అన్నాను.

ఆమె గబగబా మింగింది. "నేను కాదే. ఆమె పారేయమంటది. ఇయ్యాల్నే కాదు, మీ ఇంటియి ఎప్పుడైనా గంతే. మీ ఎదురింటోళ్లయి గూడ గంతే. మీ అవ్వకు చెప్పకు పోరీ, మనసు ఇరుగుతది." మళ్ళీ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నమలడం మాత్రం ఆపలేదు. "గింత మెత్తగుంటదా ఇది! నా బిడ్డ గూడ తింటున్నట్టున్నది, లోపల కదులుతుంది సూడు."

పటేలమ్మ ఆమె వెనకే నిలబడి ఉంది. మేమిద్దరం గమనించలేదు.

ఆమె అరవలేదు. చిన్నమ్మ కొప్పు పట్టుకుని గల్లీ దాటించి, ఇంటి ముందు కుళాయి దగ్గరికి ఈడ్చుకొచ్చింది. ఉప్పు కలిపిన చింతపండు నీళ్ళు చెంబెడు తెచ్చి తాగించింది. తాగనంటే ముక్కు మూసింది. తర్వాత తన వేళ్ళు చిన్నమ్మ గొంతులో పెట్టింది. చిన్నమ్మ కడుపు పట్టుకుని వాంతి చేసుకుంది. మా కేకు, దానితోపాటు పొద్దున తిన్న గరిటెడు అన్నం కూడా పోయింది.

"ఇంక మైల గడగాలె" అంది పటేలమ్మ. తొట్టిలో రాత్రంతా మంచుకు ఉన్న నీళ్ళు. కుండ ముంచి నెత్తి మీద పోసింది. చిన్నమ్మ శ్వాస ఆగినట్టు నోరు తెరిచింది. మళ్ళీ ముంచింది.

లైనులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు. కాకూ తన తులసి కోట నుంచి గుప్పెడు ఆకులు తెంపుకుని వచ్చింది. ఆపడానికే వస్తోందనుకున్నాను. "గివి గూడ నీళ్లల్ల వెయ్యి, శుద్ధి అయితది" అని తొట్టిలో వేసి, తడవకుండా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెనక్కు వెళ్ళింది. ఖాలా మాత్రం ఒకసారి చూసి, "యా అల్లా" అని తలుపు వేసుకుంది.

నేను ఏడుస్తూ పోయి అవ్వను తీసుకొచ్చాను. అవ్వ కొత్త చీరలో పరుగెత్తుకుంటూ వచ్చింది. "పటేలమ్మా, కడుపుతోటి ఉన్న పిల్ల! నీకు పుణ్యముంటది, ఇడువు" అంటూ చిన్నమ్మను పక్కకు లాగడానికి రెండు చేతులు చాపింది.

పటేలమ్మ కుండ పట్టుకునే నవ్వింది. "ముట్టుకో. ముట్టుకుంటె మల్ల మొదటి నుంచి పోస్త. నువ్వు ముట్టినన్ని సార్లు పోస్త. ముట్టు మరి!"

అవ్వ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

చిన్నమ్మ వణుకుతూ ఆ చేతుల వైపు చూసింది. జానెడు దూరం. పటేలమ్మ కుండ ముంచింది, పోసింది. అవ్వ చేతులు చాచినట్టే ఉంచి, ముందుకూ పోలేక, వెనక్కూ తీసుకోలేక అలాగే నిలబడింది. ఆమె కొత్త చీర మీద చిందిన నీళ్ళు పడుతున్నాయి.

"తప్పు నాది పటేలమ్మా" అంది చివరకు. "నేనే పంపిన. నా మీద పొయ్యి."

"నీ మీద పోస్తె నా కోడలి మైల పోతదా?"

అప్పుడే బాయి కూత వినిపించింది. షిఫ్టు వదిలారు. కాసేపటికి సర్దార్ వచ్చాడు. మొహం నిండా బొగ్గు, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఆయన వెనక కొంచెం దూరంలో బాపు. చిన్నమ్మ తల ఎత్తి మొగుడి వైపు చూసింది. పటేలమ్మ కుండ దించింది. లైనంతా ఆయన నోటి వైపే చూస్తోంది.

"ఏమైందవ్వా?" అని తల్లిని అడిగాడు.

"నీ పెండ్లం కిరస్తానోళ్ల కూడు తిన్నది."

ఆయన పెళ్ళాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. అదే కుళాయి కింద కాళ్ళు కడుక్కున్నాడు. "ఆకలైతుంది. అన్నం పెట్టుండ్రి" అని లోపలికి పోయాడు. పోతూ పోతూ బాపుతో, "నీ పెండ్లాన్ని జర అదుపుల పెట్టుకో" అన్నాడు.

బాపు అవ్వ వైపు చూసి, ఇంటికి రమ్మన్నట్టు తల ఊపాడు. ఇంటికి వచ్చాక నక్షత్రంలోని బల్బు తీసేశాడు. "నీళ్ల జాగకు పంపితె నా కాళ్లు కుళ్లిపోతయ్. నీకు సమజైతలేదా?" అని అవ్వ మీద అరిచాడు. అలా అరిచినా ఉపయోగం లేకపోయింది. మర్నాటి నుంచి బాపు పని నీళ్ళల్లోనే. సాయంత్రం వచ్చి సిగిడి దగ్గర కాళ్ళు చాపితే, వేళ్ళ మధ్య చర్మం తెల్లగా ఉబ్బి ఊడిపోయేది.

చిన్నమ్మకు జ్వరం పట్టుకుంది. గోడ దగ్గరికి రావడం మానేసింది. లోపలి నుంచి దగ్గు మాత్రం వినిపించేది.

రంజాన్ పండుగ వచ్చింది. ఖాలా తెల్లవారుజామునే లేచి, పాలు చిక్కగా మరిగించి, సేమియా, ఖర్జూరం, సారపప్పు వేసి షీర్ ఖుర్మా చేసింది. వాళ్ళ పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి గిన్నెలు నాకే ఇచ్చింది. పటేలమ్మ గిన్నె తీసుకుని, "ఖాలా చెయ్యి సల్లగుండ" అంది. నేను గల్లీలోకి పోలేదు. పోవలసిన పని లేదు. ఖాలా నన్ను దగ్గరికి తీసుకుని, "పటేలమ్మ తిన్నదా బేటీ? మంచిగుందన్నదా?" అని అడిగింది.

"మంచిగుందన్నది ఖాలా" అన్నాను.

ఆమె మొహం వెలిగింది. ఆ రోజు క్రిస్మస్ నాడు ఆమె తలుపు ఎందుకు వేసుకుందో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. నోరు తెరిస్తే తర్వాతి వంతు తనదని ఆమెకు తెలుసు.

సంక్రాంతి ముందు పటేలమ్మ ఇంట్లో మళ్ళీ ఆడవాళ్ళందరూ చేరారు. గుడ్డ మీద గుండ్రంగా సకినాలు చుడుతూ, పాటలు పాడుతూ, నవ్వుతూ. పక్క గదిలో చిన్నమ్మ మూలుగుతోంది. సాయంత్రం పటేలమ్మ స్వయంగా వచ్చి, కాగితం పొట్లం మా గుమ్మం మీద పెట్టింది. "పిల్ల ఆశపడ్తది, పెట్టు" అంది, మధ్యలో ఏమీ జరగనట్టే.

అవ్వ దాన్ని విసిరికొడుతుందనుకున్నాను. విప్పి నా ముందు పెట్టింది. "తిను. బియ్యం ఎవలియైనా బియ్యమే" అంది. తిన్నాను. నువ్వులు, వాము తగులుతూ కరకరలాడుతూ ఎంతో బాగున్నాయి. అవి అంత బాగుండటం మీద నాకు ఇప్పటికీ కోపం.

పండుగ వెళ్ళిన తెల్లారే చిన్నమ్మకు కడుపు పోయింది. మగపిల్లవాడు.

చన్నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. "కిరస్తానోళ్ల కేకు తిన్నప్పటి సంది దాని కడుపుల మంటనే" అని పటేలమ్మ కుళాయి దగ్గర ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, మనుమడు పోయాడని. "అండ్ల ఏం కలిపిందో ఏమో" అని కాకూ అందుకుంది. సాయంత్రానికల్లా లైనంతా అదే మాట. అవ్వ బిందె పట్టుకుని పోతే కుళాయి దగ్గరివాళ్ళు పక్కకు జరిగేవారు. పిల్లలు నాతో ఆడటం మానేశారు. సర్దార్ పోలీసులకు చెప్తాడట అని ఎవరో బాపుతో అన్నారు. ఆ వారమంతా బాపు సరిగా అన్నం తినలేదు. అవ్వ మాత్రం వండుతూనే ఉంది, వండి పెట్టి గోడకు ఆనుకుని కూర్చునేది. "నేనేం కలిపిన? గుడ్లు కలిపిన, చక్కెర కలిపిన" అని తనలో తాను అనుకోవడం విన్నాను.

కొద్ది రోజులకు చిన్నమ్మ తండ్రి బోథ్ నుంచి వచ్చాడు. తెల్ల ధోవతి, నెత్తికి రుమాలు, వంగిన మనిషి. బిడ్డను తీసుకుపోతానంటే పటేలమ్మ వద్దనలేదు. బిడ్డ నిలవని కోడలు ఆమెకు బరువు. మధ్యాహ్నం వేళ. ఆయన రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తుంటే, చిన్నమ్మ వెనక నడుస్తోంది. ఎముకల మీద చీర చుట్టినట్టుంది. సాగనంపడానికో, చూడటానికో ఆడవాళ్ళు మళ్ళీ గుమ్మాల్లోకి వచ్చారు.

మా ఇంటి ముందుకు రాగానే చిన్నమ్మ ఆగింది. అప్పటిదాకా గోడ వెనక నుంచి తప్ప ఆమె మా ఇల్లు చూసి ఎరగదు. చెప్పులు విడిచి, గడప దాటి లోపలికి వచ్చి, తలుపు బార్లా తెరిచే ఉంచి, నేల మీద కూర్చుంది.

"అక్కా, ఆకలైతుంది. ఏమన్న ఉంటె పెట్టు" అంది. వీధిలోకి వినిపించేంత గట్టిగా అంది.

ఇంట్లో చద్దన్నం, ఇంత చింతకాయ తొక్కు తప్ప లేవు. "వద్దు చెల్లె, మల్ల నిన్ను..." అని అవ్వ ఆగిపోయింది.

"పెట్టక్కా."

అవ్వ పెట్టింది. మా పళ్లెంలోనే పెట్టింది. చిన్నమ్మ కలుపుకుని, పెద్ద పెద్ద ముద్దలు చేసి, వీధి వైపు మొహం పెట్టి తింది. ఒక్క మెతుకు మిగల్చలేదు. పటేలమ్మ తన గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. కాకూ చూసింది. ఆమె తండ్రి నెత్తిన పెట్టెతో రోడ్డు మీదే తల దించుకుని నిలబడ్డాడు. అవ్వ "లోపలికి రా కాకా, మంచినీళ్లు తాగు" అంటే, "దూప లేదు బిడ్డా" అన్నాడు. ఆ ఎండలో పెదాలు ఎండిపోయి ఉన్నాయి ఆయనకు.

చిన్నమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. గుమ్మంలో నిలబడి లైను మొత్తం వినేలా అంది: "నేను వచ్చిన కాడికెల్లి గీ ఇంట్ల తిన్నదే నా పెయ్యికి పట్టింది. నా బిడ్డను సంపింది కేకు కాదు."

తర్వాత నా తల మీద చెయ్యి వేసి, తండ్రి వెనక బస్సు దగ్గరికి నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రోజు నుంచి మా కేకు మాట ఆగిపోయింది. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. సర్దార్‌కు ఎండాకాలంలో మళ్ళీ పెళ్ళి చేశారు. లైనంతా వెళ్ళి భోజనం చేసి వచ్చారు.

మరుసటి క్రిస్మస్‌కు అవ్వ కేకు చేసింది. ఖాలా ఇంటికి పంపింది. మరెవరికీ పంపలేదు. సాయంత్రం పటేలమ్మ మా గుమ్మం ముందుకొచ్చి, చుట్టుపక్కలవాళ్ళు వినేలా, "ఏం బిడ్డా, గీసారి మా ఇంటికి పళ్లెం రాలే? మేమేం పాపం జేసినం?" అంది. ఎప్పటిలాగే తియ్యని గొంతు.

అవ్వ అంట్లు తోముతూ తల ఎత్తలేదు. "మీ బర్రెను అమ్ముకున్నరు గద పటేలమ్మా. ఇంక ఎవలికని పంపాలె?" అంది. గోలెం సంగతి నేను ఎన్నడూ చెప్పకపోయినా ఆమెకు తెలుసు.

పటేలమ్మ మొహం చూడాలని నాకెంత ఉన్నా, చూడటానికి ధైర్యం చాలలేదు. ఆమె చెప్పుల చప్పుడు మాత్రం విన్నాను, వెనక్కి పోతున్న చప్పుడు. ఆ తర్వాత బాపు బతిమాలుకుని వేరే బాయికి బదిలీ చేయించుకున్నాడు. అప్పటికే ఆయన కాళ్ళు పాడయ్యాయి. చివరిదాకా చలికాలం వస్తే నడవలేకపోయేవాడు.

ఇప్పుడు అక్కడ లైను లేదు. ఓపెన్‌కాస్టు గని వచ్చి ఇళ్ళూ గల్లీలూ తవ్వి పారేసింది. తీసిన మట్టి గుట్టలా పోశారు. దాని మీద తుమ్మలు మొలిచాయి. చిన్నమ్మ ఏమైందో తెలియదు. బస్సుల్లో, ఆసుపత్రుల్లో బోథ్ వాళ్ళు ఎవరు కనిపించినా అడిగేదాన్ని. పేరు చెప్పి, ఇలాంటి మనిషి, నవ్వుతూ మాట్లాడుతుంది అనేదాన్ని. అందరూ ఎరగమన్నారు.

అవ్వ పోయేముందు చాలా రోజులు మంచంలో ఉంది. ఎన్నో మరిచిపోయింది, ఒక్కోసారి నన్ను కూడా. ఒక పొద్దున ఒళ్ళు తుడుస్తుంటే తడిగుడ్డ చల్లగా తగిలిందేమో, కళ్ళు తెరిచి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకోవాల్సుండె" అంది.

"ఏందవ్వా?"

"ఆ పిల్లను. ఇంకో కుండ పోస్తె పోస్తుండె. ఎట్లయిన పోసింది గద. ఒక్కపారన్న చెయ్యి పట్టుకునేదాన్ని."

ముట్టి ఉంటే ఇంకా ఎన్ని కుండలు పోసేదో, పొయ్యకుండా ఆగేదో, నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ నా మణికట్టు వదల్లేదు. గుడ్డ తడి ఆరిపోయేదాకా నేనూ కదల్లేదు.